సున్నా కింది అంకె

నిజామాబాద్ జిల్లా నందిపేట్ చుట్టుపక్కల మెడలోనో గజ్జల్లోనో ఉండ లేస్తే ‘బిళ్ళ కట్టింది’ అంటారు. కాలికి ముల్లు దిగి చీము పడితే గజ్జలో బిళ్ళ కడుతుంది, పుండు మానితే అణుగుతుంది. డాక్టర్లు లింఫ్ గ్రంథి అనేది దీన్నే. ఇవి కడుపు లోపలా ఉంటాయి: కాలేయం నుంచి పేగులోకి దిగే పైత్యనాళం వెంట, కాలేయానికి నెత్తురు తెచ్చే గొట్టాల వెంట, క్లోమం వెనక, జీర్ణాశయం లోపలి ఒంపు పొడవునా. కాలేయం లోపలి సన్నటి పైత్యనాళాల్లో క్యాన్సర్ పుట్టినప్పుడు, ఆ భాగాన్ని కోసి తీసే ఆపరేషన్‌లో ఈ బిళ్ళలనూ ఏరి తీయాలా, వాటి జోలికి పోకూడదా అన్నది సర్జన్ల మధ్య ఏళ్ళ తరబడి తెగని తగవు. పిత్తాశయపు క్యాన్సర్‌లో ఈ పేచీ పెద్దగా లేదు, కాలేయం గుమ్మం దగ్గర పైత్యనాళాన్ని పట్టే క్యాన్సర్‌లోనూ లేదు, అక్కడ తీయాల్సిందేనంటారు. కాలేయ కణాల్లోనే పుట్టే మామూలు కాలేయ క్యాన్సర్‌లో ఇంకో రకంగా పేచీ లేదు. అది ఎక్కువగా నెత్తురు దారిన పాకుతుంది కనుక బిళ్ళలను సాధారణంగా ముట్టుకోరు. మధ్యలో చిక్కుకున్నది కాలేయం లోపలి పైత్యనాళాల క్యాన్సర్ ఒక్కటే. కాలేయంలో పుట్టే క్యాన్సర్లలో ఇది నూటికి పది పదిహేను.

ఈ తగవును ఇద్దరి నోట పెడుతున్నాను. ఒకరు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ లాబొరేటరీలో చెరకు రసం పరీక్షించి, నందిపేట్‌లో స్థిరపడిన కెమిస్టు. 1937లో మొదలై 2015 డిసెంబరులో మూతపడిన ఆ ఫ్యాక్టరీలో ఆయన పని బండెడు చెరకు నుంచి గ్లాసెడు రసం తీసి, బండి మొత్తం గురించి మాట చెప్పడం. రెండోవారు ఆయన అన్న కొడుకు, హైదరాబాద్‌లో కాలేయ ఆపరేషన్లు చేసే సర్జన్. ఇద్దరూ కల్పితులే. వాళ్ళు చెప్పే ప్రయోగాలూ వాటి అంకెలూ కల్పితం కావు.

కెమిస్టు: ముందుగల్ల ఒకటి అడుగుత, ఏమనుకోకు బిడ్డా. కార్జంల గడ్డ ఉన్నది, ఆ ముక్క కోసి తీస్తరు. సమజైంది. కానీ పైత్యం గొట్టం, నెత్తురు గొట్టాలు రెండు, మూడూ ఒక్క కట్టలెక్క ఇరుకు జాగల దిగుతయంటవు. ఆ నడుమ కత్తెర పెట్టి బిళ్ళలను ఏరుడెందుకు? రోగం గడ్డ కాడనే ఉంటే గడ్డతోటే పోతది, బిళ్ళలు తీసుడు దండుగ. గడ్డ దాటి పోతే బిళ్ళలు తీసినా పోదు, అప్పుడూ దండుగే.

సర్జన్: ఆ రెండింటికీ నడుమ ఇంకో స్థితి ఉంది కాకా, మా పేచీ అంతా దాని చుట్టే. కాలేయంలో లింఫ్ బాగా ఊరుతుంది. ఛాతీలో ఉండే పెద్ద లింఫ్ వాహికలో పారేదాంట్లో పావు వంతు నుంచి సగం దాకా కాలేయానిదే. కుడి సగం నుంచి అది ప్రధానంగా పైత్యనాళం పక్కన దిగి క్లోమం వెనక్కి పోతుంది. ఎడమ సగానికి ఇంకో దారి కూడా ఉంది, జీర్ణాశయం ఒంపు మీదుగా. గడ్డ ఏ పక్కన ఉందో చూసి ఏ కాలువ వెంట వెతకాలో ముందే అనుకోవచ్చు. పైత్యనాళపు క్యాన్సర్‌కు ఈ కాలువలంటే మక్కువ ఎక్కువ. 2011లో పలు దేశాల ఆస్పత్రులు కలిసి, కాలేయం లోపలి పైత్యనాళ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన 449 మంది లెక్క తీశాయి. అందులో 248 మందికే బిళ్ళలు తీశారు. తీసినవాళ్ళలో 74 మందికి, అంటే నూటికి ముప్పై మందికి, బిళ్ళల్లో క్యాన్సర్ దొరికింది. మిగతా 201 మందికి ఉందో లేదో ఎవరికీ తెలియదు. వాళ్ళలోనూ కొందరికి ఉండి ఉండాలి కదా, వాళ్ళు అది తెలియకుండానే ఇంటికి వెళ్ళారు.

కెమిస్టు: తెలిస్తే ఏం చేద్దురు? ఈ ముచ్చట మీ సర్జన్ల ఇంట్ల ఇంతకు ముందే ఒకసారి నడిచింది. రొమ్ము క్యాన్సర్‌కు హాల్‌స్టెడ్ అనే అమెరికా సర్జన్ రొమ్ము, కింద కండరం, చంకల బిళ్ళలు అన్నీ కలిపి తీసెయ్యాలన్నడు. దగ్గర దగ్గర డెబ్బై ఎనభై ఏండ్లు లోకమంతా అదే పట్టుకున్నది. 1971ల ఫిషర్ అనే ఆయన ఆడవాళ్ళను చీటీలు తీసినట్టు గుంపులు చేసి, కొందరికి అన్నీ తీసి, కొందరికి చంక ముట్టకుండ, ఇరవై ఐదేండ్లు చూసిండు. బతుకుల తేడా రాలే. మన చెరకుల ఎర్రకుళ్ళు ఎరుకే కదా. కనపడ్డదంటే రైతు ఆ దుబ్బు పీకి కాలబెడ్తడు. కానీ రోగం నాటిన ముచ్చెలనే ఉంటే? ఈ దుబ్బు పీకేసరికి పక్క దుబ్బు ఎర్రబడ్తది. బిళ్ళల క్యాన్సర్ దొరికిందంటే రోగం ముచ్చెల ఉన్నదని లెక్క. పీకుడుతోని పోయేది కాదది.

సర్జన్: హాల్‌స్టెడ్ మాటకు ఎదురు చెప్పను. కానీ ఒక్క అవయవంలో తేలిన సత్యం ఇంకో అవయవానికి అట్లనే అతకదు. జీర్ణాశయపు క్యాన్సర్ చూడు. 1989 నుంచి 1993 దాకా నెదర్లాండ్స్‌లో 711 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు దగ్గరి బిళ్ళలే, రెండో గుంపుకు దూరంవి కూడా తీశారు. ఎక్కువ తీసిన గుంపులో ఆస్పత్రిలోనే నూటికి పదిమంది చనిపోయారు. తక్కువ తీసినచోట నలుగురే. పనికిమాలిన ఆపరేషన్ అని అప్పుడు అందరూ అన్నారు. పదిహేనేళ్ళు గడిచాక లెక్క చూస్తే, ఆ క్యాన్సర్‌తోనే పోయినవాళ్ళు తక్కువ తీసిన గుంపులో నూటికి 48, ఎక్కువ తీసినచోట 37. ఏరడం కొందరికి పనిచేసింది, ఏరే తీరు ఇంకొందరిని చంపింది. కాలేయం లోపలి పైత్యనాళం సంగతిలో అంత గట్టి ప్రయోగం నా చేతిలో లేదు. ఉన్నవన్నీ గడిచిన కేసుల కాగితాలు తిరగేసి రాసినవే. అందుకని బిళ్ళలు తీస్తే ఎక్కువ కాలం బతుకుతారని నేను నీ ముందు గానీ, పేషెంటు ముందు గానీ చెప్పను. నేను తీసేది తెలుసుకోవడానికి. నీ ఎర్రకుళ్ళునే తీసుకో. రోగం ముచ్చెలో ఉందని నువ్వు ఎట్లా తెలుసుకుంటావు? పీకిన గడను నిలువునా చీల్చి, లోపల ఎర్రటి చారల నడుమ తెల్లటి మచ్చలు చూసి. చీల్చకుండా బయటి ఆకు చూసి చెప్పగలవా?

కెమిస్టు: చీల్చకుండ చూసే మిషన్లు మీకు ఉన్నయి కదా. నిజామాబాద్‌లనే సీటీ స్కాన్ తీస్తున్నరు. హైదరాబాద్ పోతే పెట్ స్కాన్.

సర్జన్: సీటీ చూసేది సైజును కాకా. సెంటీమీటరు దాటిన బిళ్ళను అనుమానించమంటుంది. కానీ క్యాన్సర్ పట్టిన బిళ్ళ మామూలు సైజులోనే ఉండొచ్చు. పెరిగిన బిళ్ళ హెపటైటిస్ వల్లో, పైత్యనాళంలో రాళ్ళ వల్లో, వాపు వల్లో పెరిగి ఉండొచ్చు. ఆపరేషన్‌లో చేత్తో తడిమి చూసినా ఇదే తంటా. పెట్ స్కాన్ వెలిగిందంటే నమ్మొచ్చు, వెలగలేదంటే నమ్మలేం. మైక్రోస్కోపు కింద కోసి చూసిందే ఖాయం. ఎన్ని చూడాలి అన్నది ఆ తర్వాతి ప్రశ్న. క్యాన్సర్ దశలు నిర్ణయించే అమెరికన్ జాయింట్ కమిటీ పుస్తకం ఎనిమిదో కూర్పు 2018 నుంచి అమల్లో ఉంది, అది కనీసం ఆరు అంటుంది. ఆరెందుకో నాకన్నా నువ్వే బాగా చెప్తావు. ఆ చోట పది బిళ్ళలున్నాయి, రెండింట్లో రోగం ఉంది అనుకో. ఒకటి తీస్తే దొరికే అవకాశమెంత?

కెమిస్టు: నూటికి ఇరవై. మూడు తీస్తే... ఆగు... యాభై మూడు. ఆరు తీస్తే ఎనభై ఏడు దగ్గర. ఇది చేతికందింది తీసినప్పటి లెక్క. గడ్డకు దగ్గరిదాంట్లకే రోగం మొదలు పోతదంటే ఇంక తక్కువల్నే దొరకొచ్చు. లెక్క ఒప్పుకుంట. బండెడు చెరకుల ఒక్క గడ రసం తీసి బ్రిక్స్, అంటే తీపి కొలత, చూసి, బండి మొత్తం గింతనే అంటే ఏ కెమిస్టూ సంతకం పెట్టడు.

సర్జన్: నేననేదీ అదే. మన జిల్లా నుంచి పోయి ఆపరేషన్ చేయించుకొచ్చినవాళ్ళ బయాప్సీ కాగితంలో ‘లింఫ్ నోడ్స్ సున్నా బై రెండు’ అని ఉంటుంది, ఇంకొకరికి ‘సున్నా బై ఏడు’ అని ఉంటుంది. ఇంటిల్లిపాదీ పై సున్నా చూసి ఊపిరి పీల్చుకుంటారు. కింది అంకెను ఎవరూ చదవరు. రెండే దొరికి రెండూ బాగుంటే కూడా రోగం బిళ్ళల్లోకి పోలేదనే చాలా రిపోర్టుల్లో రాస్తారు. నీ లెక్క ప్రకారం ఆ రెండు సున్నాల బరువు ఒక్కటి కాదు.

కెమిస్టు: మంచిది. ఇగ నీ లెక్క మీదనే నేనొక మాట వేస్త, తప్పించుకో చూద్దం. ఫ్యాక్టరీల మంచి చెరకు ఒక కుప్ప, నాసి చెరకు ఒక కుప్ప చేసినం. మంచి కుప్పల బ్రిక్స్ సగటు పదహారు, నాసి కుప్పది పది. మంచి కుప్పల పదమూడు ఉన్న గడలు కొన్ని దొరికినయి. వాటిని నాసి కుప్పల వేసిన. మంచి కుప్ప సగటు పెరిగింది, నాసి కుప్ప సగటు కూడ పెరిగింది. మొత్తం చక్కెర ఒక్క గ్రాము పెరగలే. మీరు బిళ్ళలు ఎక్కువ ఏరినకొద్దీ జరిగేది గిదే. దాక్కున్న రోగమున్నోళ్ళు మంచి గుంపుల నుంచి చెడ్డ గుంపులకు పోతరు, రెండు గుంపులూ ఎక్కువ బతికినట్టు కాగితం మీద కనబడ్తది. 1985లనే ఫైన్‌స్టీన్ అనే డాక్టరు దీనికి ఒక హాస్యగాని పేరు పెట్టి రాసిండు, విల్ రోజర్స్ అని. ఎవరి ఆయుష్షూ ఒక రోజు పెరగలే.

సర్జన్: తప్పించుకోను, నెత్తిన పెట్టుకుంటాను. ఎక్కువ బిళ్ళలు తీసిన ఆస్పత్రుల్లో జనం ఎక్కువ బతికారు అనే వ్యాసాలు చదివినప్పుడల్లా ఈ కుప్పల మాట గుర్తుంచుకోవాలి. ఇంకొకటి కూడా ఉంది. బలంగా ఉన్న పేషెంటుకే సర్జన్ ఓపిగ్గా ఏరుతాడు. బలహీనుడికి తొందరగా ముగిస్తాడు. ఆ బలం తెచ్చిన ఆయుష్షును ఏరడం ఖాతాలో వేసుకోవడం తప్పు. ఏరితే నయమవుతుందనే వాదాన్ని ఇవి రెండూ దెబ్బతీస్తాయి. ఏరితే తెలుస్తుంది అనే వాదాన్ని ముట్టవు. కుప్ప మార్చినందుకు చక్కెర పెరగలేదు సరే, ఏ గడ ఏ కుప్పదో మాత్రం సరిగ్గా తేలింది కదా. 2011 నాటి ఆ లెక్కలోనే నాకు ఎక్కువ విలువైనది ఇంకొకటి కనబడుతుంది. బిళ్ళలు శుభ్రంగా ఉన్నవాళ్ళలో గడ్డలు ఎన్ని, నెత్తురు గొట్టాల్లోకి పాకిందా అన్నదాన్ని బట్టి ఎవరు ఎంత కాలం బతుకుతారో వేరు చేసి చెప్పగలిగారు. బిళ్ళల్లో రోగం ఉన్నవాళ్ళలో ఆ గుర్తులు వేటితోనూ వేరు చేయలేకపోయారు. అంటే బిళ్ళల కబురు తెలియకపోతే, గడ్డల సంఖ్యను ఎంత బాగా లెక్కపెట్టినా అది ఎవరికి వర్తిస్తుందో తెలియదు.

కెమిస్టు: తెలిసింది. ఇప్పుడు అసలు ప్రశ్న. ఇన్ని ముచ్చట్లు విన్నంక నాకు మిగిలింది ఇదొక్కటే. తెలిసినంక నువ్వు చేసేది ఏమన్న మారుతదా? ఇంగ్లండుల బిల్‌క్యాప్ అని ప్రయోగం చేసిండ్రు కదా, 2019ల అచ్చయింది. 447 మంది. ఆపరేషన్ అయినంక సగం మందికి కేపెసిటబిన్ మాత్రలు, ఆరు నెలలు. మాత్రలు వేసుకున్నోళ్ళల్ల సగం మంది 51 నెలలు దాటిండ్రు, వేసుకోనోళ్ళల్ల సగం మంది 36. అప్పటి సంది ఈ ఆపరేషన్ అయిన ప్రతోళ్ళకు ఆ మాత్రలే రాస్తున్నరంట, బిళ్ళల రోగం ఉన్నా లేకున్నా. రెండు వారాలు వేసుకుని ఒక వారం ఆపాలె, అట్ల ఎనిమిది సార్లు. నందిపేట్‌ల ఇంట్ల కూసుండి వేసుకోవచ్చు. ఇద్దరికీ ఒకటే మందైనప్పుడు ఇద్దరినీ వేరు చేసుడెందుకు? పైపెచ్చు గడ్డ ముక్కల జన్యువులు చూసి మందులు కడ్తున్నరు ఇప్పుడు. ఆ ముక్క ఎట్లనో తీసినవు. కబురు కావాలంటే దాన్నే అడుగు. పక్కింటోన్ని సతాయించుడెందుకు?

సర్జన్: నీ వాదంలో ఇదే అన్నిటికన్నా గట్టిది, సగం ఒప్పుకుంటున్నాను కూడా. మాత్ర ఇవ్వాలా వద్దా అన్న ఒక్క నిర్ణయానికే అయితే బిళ్ళలు తీయక్కర్లేదు. కానీ బిల్‌క్యాప్‌ను దగ్గరగా చూడు. చేరినవాళ్ళందరినీ కలిపి లెక్కిస్తే ఆ 51కీ 36కీ నడుమ తేడా గణాంకాల గీత దాటలేదు. నియమం ప్రకారం మందు అందినవాళ్ళను మాత్రమే లెక్కిస్తే దాటింది. ఆ 447 మందిలో కాలేయం లోపలి పైత్యనాళ క్యాన్సర్ వాళ్ళు 84 మందే. ఇంత బలహీనమైన ఆధారం మీద ఆరు నెలలు మాత్ర మింగించేటప్పుడు, నాలుగో విడతలో అరచేతులూ అరికాళ్ళూ ఎర్రబడి తోలు ఊడి, పసుపు మడిలో అడుగు పెట్టలేని రైతుతో నేనేం మాట్లాడాలి? ‘సున్నా బై ఏడు’ అయితే మోతాదు తగ్గిద్దామా, ఆపుదామా అని ధైర్యంగా మాట్లాడొచ్చు. ‘మూడు బై ఏడు’ అయితే ఓర్చుకొమ్మంటాను, స్కాన్‌కు దగ్గర దగ్గరగా రమ్మంటాను, కొత్త మందు మీద ప్రయోగం ఎక్కడన్నా నడుస్తుంటే పంపిస్తాను. మాత్ర ఒకటే, దాని చుట్టూ తీసుకునే నిర్ణయాలు వేరు. జన్యువుల సంగతీ అంతే. ఏ మందుకు లొంగొచ్చో అది చెప్తుంది, రోగం గడప దాటిందా లేదా అన్నది చెప్పదు. ఇంకా ముందరి మాట ఒకటుంది. కాలేయం కోయకముందే అనుమానమున్న బిళ్ళను తీసి, అప్పటికప్పుడు గడ్డకట్టించి మైక్రోస్కోపు కింద చూడొచ్చు. మహాధమని పక్కన ఉండే దూరపు బిళ్ళల్లో రోగం దొరికితే, దాన్ని దూరం పాకిన క్యాన్సర్ కిందే లెక్కిస్తాం. అప్పుడు సగం కాలేయం కోసి తీయడంలో అర్థం చాలా తగ్గిపోతుంది. తీయకుండా మూసేసి కీమోకు పంపడమే ఆ మనిషికి మేలు కావచ్చు. ఇక్కడ తెలియడం వల్ల ఒక పెద్ద కోత తప్పుతుంది కాకా.

కెమిస్టు: కోత తప్పుతదన్న మాట ఇప్పుడు చెప్పినవు, ముందుగాల అదే చెప్పాల్సింది. సరే, తెలుసుకునుడు మంచిదే అనుకుందం. దానికి ధర ఎవరు కడ్తరు? పేషెంటు ఒళ్ళే కడ్తది. కార్జం కోసిన మనిషికి కడుపుల నీళ్ళు చేరితే, ఆ నీళ్ళు తగ్గక ఆస్పత్రిల ఇంకో పదిహేను రోజులు ఉంటే, మాత్ర మొదలువెట్టే దినం ఎనక్కి పోతది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరుల అయిదు లక్షల నుంచి పది లక్షలు చేసిండ్రు, నిజమే. కానీ ఎంబడి ఉండే మనిషి కూలి, నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు నూట డెబ్బై కిలోమీటర్ల పైన తిరుగుడు, ఇవి ఏ కార్డుల రాయరు.

సర్జన్: ధర ఉంది, దాచను. ఆ కట్టలో నెత్తురు గొట్టానికి గీత పడితే ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం మీదికి వస్తుంది. పైత్యనాళాన్ని మరీ ఒలిచేస్తే దానికి నెత్తురు అందక తర్వాత ఎండి సన్నబడుతుంది. తెగిన లింఫ్ కాలువలు కారి కడుపులో నీళ్ళు చేరడం ఇంకొకటి. ఇందులో మన ప్రాంతపు లెక్క వేరుగా వేసుకోవాలి. ఈ క్యాన్సర్ ఎక్కువగా ఉండే ఈశాన్య థాయిలాండ్‌లో దానికి మూలం పచ్చి చేప. నది చేపను ఉడకబెట్టకుండా నంజుకుంటారు, అందులోని కాలేయపు పురుగు పైత్యనాళాల్లో ఏళ్ళ తరబడి కాపురం పెడుతుంది. మన శ్రీరాంసాగర్ బ్యాక్‌వాటర్ చేప పులుసులో కుతకుత ఉడికి గానీ పళ్ళెంలోకి రాదు, కనుక ఆ దారి మనకు లేదు. మన దగ్గర చూసుకోవాల్సిన దారులు హెపటైటిస్ బి, సి, తాగుడు, షుగరుతో పాటు వచ్చే కొవ్వు కాలేయం. వీటితో కాలేయం ముందే గట్టిపడి ఉంటే, లింఫ్ కాలువల్లో ఒత్తిడి అప్పటికే ఎక్కువ. అక్కడ బిళ్ళలు ఏరితే ఊట ఆగడం కష్టం. అందుకే థాయిలాండ్ సర్జన్ చేసినట్టు నేను అందరికీ చేయలేను. మామూలు కాలేయమున్న మనిషికి ఆరు, ఆ కట్టలోనివీ గడ్డ పక్కన దారిలోవీ. అంతకు మించి దూరం పోయి ఊడ్చేయను. క్లోమపు క్యాన్సర్‌లో దూరందాకా ఊడ్చిన ప్రయోగాలు ఆయుష్షు ఇవ్వలేదు, విరేచనాలు ఇచ్చాయి.

కెమిస్టు: అంటే నీ ఆరు ఒక పై హద్దు కూడ అన్నట్టు. ఇది నాకు నచ్చింది. శాంపిలు తీసుడంటే బండి మొత్తం గానుగల వేసుడు కాదు. అయితే ఇంకోటి చెప్పు. రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ, కార్జం అంచున ఉన్నది. మనిషికి డెబ్బై ఏండ్లు, లివర్ గట్టిబడ్డది. బిళ్ళలు తీస్తవా?

సర్జన్: తీయను. అంత చిన్న గడ్డకు బిళ్ళల్లోకి పాకే అవకాశం తక్కువ, ఆ కాలేయానికి ఊట ప్రమాదం ఎక్కువ. కమిటీ ఆరు అన్నదని ఆ మనిషి మీద పంతం పట్టను.

కెమిస్టు: మరి కాగితంల ఏం రాస్తవు? సున్నా అనా?

సర్జన్: స్కాన్‌లో కనబడలేదు కనుక లేవనే చాలామంది రాస్తారు కాకా.

కెమిస్టు: లాబ్ రిజిస్టరుల చెయ్యని పరీక్ష గడిల సున్నా రాయరు బిడ్డా, గీత గీస్తరు. సున్నా అంటే చూసిన, లేదు అని. గీత అంటే చూడలే అని. మీ దాంట్ల గీత లేదా?

సర్జన్: ఉంది. ఎన్-ఎక్స్ అంటాం.

కెమిస్టు: అయితే అది రాయి. పక్కన ఎందుకు తీయలేదో ఒక్క లైను రాయి. లివర్ చూసి వదిలినవా, పొద్దుపోయిందని వదిలినవా, ఎనక ఆ కాగితం పట్టుకున్నోనికి తెల్వాలె.